నీ కారుకి గట్టి టైర్లు

తమ్ముడూ సింహాచలం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్న నీ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకి టైర్లు మార్పించాను. వాట్‌గంజ్ సందులో ఏడాదిగా కదలక, నాలుగూ నేలకి ఆనిన చోట అణిగిపోయాయి.

ఏక్‌బాల్‌పూర్ టైర్ల కొట్లో నన్ను చూసుంటే నవ్వేవాడివి. లాంచీ రేవుకి కొట్టుకోకుండా పక్కన కట్టే టైర్లని ఎంచినట్టు, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూశాను. మెత్తగా ఉన్నదే దెబ్బ ఆపుతుందని మా లాంచీవాళ్ళ నమ్మకం. మెత్తనివే ఇమ్మన్నాను.

బెంగాలీల్లా అన్నని దాదా అనడం అలవాటైన కొట్టు యజమాని అప్పలరాజు తల అడ్డంగా ఊపాడు. "అవి మలుపుల్లో జోరుగా తోలీవోళ్ళకి దాదా. బేగి అరిగిపోతాయి. ఇంతకీ బండి ఎవులు తోల్తారేటి?"

ఆ మాట ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

"నేనే. అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాల," అన్నాను.

గట్టివి బిగించాడు. నీకు నచ్చవని తెలుసు. నీలా తోలే ఓపిక నాకు లేదురా. నీకోసం బండిని అలాగే ఉంచే ఓపికా అయిపోయింది. నీ పాత టైర్లు మా లాంచీకి కట్టాను.

మధ్యాహ్నం అమ్మని ఎక్కించుకున్నాను. ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర నువ్వు సర్రున తిప్పే మలుపు వచ్చింది. నేను సైకిలు కంటే నెమ్మదిగా తిప్పాను. అయినా అమ్మ, నీ పక్కన కూర్చున్నప్పటిలాగే, ముందుగానే కళ్ళు మూసుకుని, తలుపు పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుంది.

మలుపు దాటాక కూడా వదల్లేదు.