బొమ్మ జీపులో వైర్లు

శుక్రవారం, సీలేరు

ఇంజనీరు గారి అమ్మాయి ఇచ్చిన ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన మోటారు జీపును సైన్సు ఫెయిరుకు తీసుకెళ్తుంటే, చెక్‌పోస్టులో పోలీసు నా సంచి విప్పించాడు. మందుపాతరలు పేలుతున్న రోజులు.

"వైర్లేటి? బ్యాటరీలేటి?"

బొమ్మ అంటే నమ్మలేదు. రోడ్డు మీద జీపును నడిపించి చూపించమన్నాడు. జీపు కదిలినా తుపాకి దించలేదు.

"ఈ వైరింగు ఎవరు నేర్పారు?"

"నాన్న" అనేశాను. నాన్న ఇక్కడి కరెంటు ప్రాజెక్టులో ఎలక్ట్రీషియన్.

"రేపు మీ నాన్నని ఈ జీపు పట్టుకుని స్టేషనుకి రమ్మను."

నాన్నకు చెప్తే, "బొమ్మే కదమ్మా, బయమేటి?" అన్నాడు. అన్నం మాత్రం ముట్టలేదు. ఇందాక నా పక్కన కూర్చున్నాడు.

"ఏ స్విచ్చి నొక్కితే ఎనక్కెల్తాదో సూపించమ్మా. ఆల్ల ముందు తప్పు నొక్కేత్తే..."

చూపించాను. రోజూ కరెంటు తీగలతో పనిచేసే నాన్న, ఆ బొమ్మ స్విచ్చిలను మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకున్నాడు.