రిజిస్టర్‌లో నా సొంత వాక్యం

అచ్యుతాపురం,
ఆదివారం.

అన్నయ్యకు నమస్కారాలతో చెల్లి సుగుణ రాస్తున్నది.

ప్రభువు దయవల్ల ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చేయనివ్వవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చివరిదాకా చదువు.

నెలాఖరుకి వచ్చి నన్ను పలాస తీసుకుపోతానన్నావు. "ఇంగ్లీసు రానోళ్ళకి ఆ కంపెనీలో ఏటి పనే? ఇంటికొచ్చి జీడిపిక్కలు ఒలుసుకో" అన్నావు. ఆ మాటకి రెండు రోజులు అన్నం సహించలేదు. కోపం ఇంకా ఉంది, దాచను.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. మా సీసాల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేవాళ్ళు మెషిను ఎలా ఉందో రిజిస్టర్‌లో ఇంగ్లీషులో రాయాలి. మేమంతా పైన ఉన్న వాక్యాన్నే కిందికి దించేవాళ్ళం: 'మెషిన్ రన్నింగ్, ఓకే.' ఒకరోజు మెషిను ఆగిపోయి ఉన్నా నేను అలాగే దించేశాను. సూపర్‌వైజర్ మేడమ్ అందరి ముందూ చదివి వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. పదిహేను రోజుల్లో సొంతంగా రాయడం రాకపోతే పని మానుకోమంది.

ఆ రోజే హాస్టల్లో నా గదిలో ఉండే షకీలా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి కూర్చున్నాను. వాళ్ళ నాన్న పూర్ణా మార్కెట్‌లో తాళాలు బాగుచేస్తారు. షకీలా ఒక్క 'రన్' అన్న మాటతోనే మొదలుపెట్టింది. పరుగెత్తడమేగా అనుకున్నాను. కాదట అన్నయ్యా! మెషిను తిరిగినా రన్నే, కొట్టు నడిపినా రన్నే, ముక్కు కారినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే. సరుకు నిండుకుంటే రన్ అవుట్. మళ్ళీ ఒక్కోదానికి బదులు మాటలు వేరే: ఆపరేట్, మేనేజ్, ఫ్లో. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మనం మాత్రం? బండీ నడుస్తుంది, కొట్టూ నడుస్తుంది, కోర్టులో కేసూ నడుస్తుంది. అవన్నీ మనకి ఎవరు కూర్చోబెట్టి నేర్పారు?

"బయ్యమెందుకు? నువ్వు సూసిందే రాయి. తప్పులు నాను దిద్దుతాను" అంది షకీలా.

గురువారం షిఫ్టు దిగేముందు పై వాక్యాన్ని చేత్తో మూసేసి రాశాను: 'మెషిన్ రన్నింగ్. క్యాప్స్ రన్నింగ్ అవుట్. ఆయిల్ రన్నింగ్ డౌన్.' అంటే మూతలు అయిపోవస్తున్నాయి, నూనె కిందికి కారుతోంది అని. మూడు చోట్లా రన్నింగే చూసి మేడమ్ నవ్వింది. కానీ వెంటనే మెషిను కిందికి వంగి చూసి, మెకానిక్‌ని కేకేసింది.

"నూనె ఎన్నాళ్ళ నుంచి కారతందో! ఎవులూ రాయలేదేటి? ఇది ఎవులు రాసినారు?"

"నాను మేడమ్" అన్నాను.

ఇకమీదట పై వాక్యం దించితే ఊరుకోనని అందరికీ చెప్పింది. దాంతో లైన్లో సగంమంది నాతో మాట్లాడటం మానేశారు. మాననీ. నా గడువు ఇంకా వారం ఉంది, రోజూ నా వాక్యం నేనే రాస్తాను.

ఇక్కడ ఉక్కపోత చెప్పలేను. హాస్టల్ సాంబారు ఉత్త నీళ్ళు. వదినని ఎండు రొయ్యల పొడి చేయమను. చర్చిలో పాట మొదలైతే మీరంతా గుర్తొచ్చి ఏడుస్తాను. అయినా బాగానే ఉన్నాను, బెంగపడొద్దు. పెద్దమ్మకి, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

నెలాఖరుకి తప్పకుండా రా అన్నయ్యా. రొయ్యల పొడి తీసుకురా, నన్ను కళ్ళారా చూసుకుని వెళ్ళు. తిరుగు టికెట్టు మాత్రం నీ ఒక్కడికే తీసుకో.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుగుణ