ముగ్గురు సాక్షులు, ఒక కూజా టీ

స్కార్‌బీ రేవు,
జనవరి 1989

గౌరవనీయులైన గ్రేసన్ మాస్టారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ దగ్గర చరిత్ర చదువుకునే జూడిత్‌కు నేను పిన్నిని. మా అక్క పోయాక పిల్ల నా దగ్గరే పెరిగింది.

మీరిచ్చిన ప్రాజెక్టు దానికి అన్నం సయించనివ్వడం లేదు. 1938లో ఒక పొద్దున మా రేవులో హెర్రింగ్ చేపలు కోసే ఆడపిల్లలంతా కత్తులు కింద పెట్టేశారు. ఎందుకు పెట్టారన్నది దాని ప్రశ్న. అప్పుడు అక్కడ పని చేసినవాళ్ళలో ముగ్గురు మా చాపెల్‌లోనే ఉన్నారు. కూలి చాలకని నెల్ పెద్దమ్మ అంటుంది. చలికి వేళ్ళు వంగలేదు, అంతే అని హిల్డా పెద్దమ్మ అంటుంది. డోరా పెద్దమ్మయితే అసలెవరూ పని ఆపలేదనీ, టీ తాగడానికి కూర్చుంటే ఎవరో ఫోటో తీసి కథ కట్టారనీ అంటుంది.

ఏది నిజమో మిమ్మల్నే అడిగి అది రాయమన్నాను. "ఆయన చెప్పరు పిన్నీ," అంది. తెలిసి కూడా పిల్లకు చెప్పకపోవడం మీకు భావ్యమేనా? దీంట్లో మంచి మార్కు రాకపోతే పక్క ఊరి కాలేజీలో సీటు రాదు. సీటు రాకపోతే నాలాగే చేపలు పెట్టెల్లో సర్దే షెడ్డుకి వెళ్ళాలి.

ఇట్లు,
మెర్సీ కాపల్‌మన్

తా.క.: నేను రాసినట్టు జూడిత్‌కు తెలియదు. జవాబు చాపెల్ చిరునామాకు పంపండి.


శ్రీమతి కాపల్‌మన్ గారికి,

నమస్కారం. నాకు తెలిసి దాచిపెట్టలేదు. ఏది నిజమో నాకూ తెలియదు. మార్కులు వేసే పద్ధతి చెబుతాను, మీ మనసు కుదుటపడుతుంది. ఏం జరిగిందో వర్ణిస్తే మొదటి మెట్టు. ఎందుకు జరిగిందో వివరిస్తే రెండోది. సాక్షులు తలో మాట చెప్పినప్పుడు ఎవరు ఎందుకలా చెబుతున్నారో తూచి, తన నిర్ణయం తాను చెప్పగలిగితే పై మెట్టు. అంటే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పడం జూడిత్ అదృష్టం.

ఒక్క మనవి. దయచేసి ఆమెకు సాయం చేయకండి. ఇది పూర్తిగా పిల్ల సొంత పని అని చివర నేను సంతకం పెట్టాలి. పెట్టలేకపోతే పరీక్షల బోర్డు సున్నా వేస్తుంది.

భవదీయుడు,
ఎడ్విన్ గ్రేసన్

తా.క.: ఈ ఉత్తరాన్ని పాస్టరుగారు ఆదివారం ప్రకటనలతో కలిపి చదవరని ఆశిస్తున్నాను.


గ్రేసన్ మాస్టారికి వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిక్కంతా పెద్దవాళ్ళ మధ్య మాట కుదరకపోవడంలోనే ఉందని అర్థమైంది. మా చాపెల్‌లో మాటా మాటా తేడా ఉన్నవాళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోరు. ముందు సమాధానపడాలి. అందుకని ముగ్గురినీ టీకి పిలిచాను. ఇది పిల్లకు సాయం కాదు, చాపెల్ పని.

సాయంత్రం దాకా పట్టింది కానీ దేవుడి దయవల్ల ఒక్క మాట మీదికి వచ్చారు. మేస్త్రీ ఆదివారం పనికి రమ్మన్నాడు, దైవభక్తి గల పిల్లలు రామన్నారు, కత్తులు కింద పెట్టారు. నేను రాశాను. ముగ్గురూ సంతకాలు పెట్టారు. పాస్టరుగారు సాక్షి సంతకం చేశారు. కాగితం ఈ ఉత్తరంతో జత చేశాను. ఇక తూచేందుకేమీ లేదు, పిల్ల హాయిగా నిద్రపోవచ్చు.

మీ శ్రేయోభిలాషి,
మెర్సీ

తా.క.: కాగితం మూలన ఉన్న మరక అల్లం కేకుది. దాన్ని ఆధారంగా తీసుకోవద్దు. డోరా పెద్దమ్మ రెండో ముక్క ఇచ్చేదాకా సంతకం పెట్టలేదు.


శ్రీమతి కాపల్‌మన్ గారికి,

మీ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి జేబులోనే ఉన్నా మనసు నిలవడం లేదు.

సాక్షుల మధ్య తేడా లేకపోతే పిల్ల తూచేది దేన్ని? అంతకన్నా పెద్ద సంగతి, ఆ కాగితం మీ చేతిరాతలో ఉంది. జూడిత్ పనిలో ఎవరి చెయ్యి ఎంతుందని బోర్డు అడిగితే నేనేం చెప్పాలి? వచ్చే శుక్రవారం పిల్లల ప్రాజెక్టులన్నీ తీసుకుంటాను. ఇప్పుడున్న పరిస్థితిలో నేను సంతకం పెట్టలేను.

ఆ పెద్దవాళ్ళను ఎప్పటిలా ఉండనివ్వండి. ఆ తర్వాత ఏమీ చేయకండి. ఏమీ అంటే ఏమీ.

ఎడ్విన్ గ్రేసన్

తా.క.: ఈ విషయం జూడిత్‌కు చెప్పక తప్పలేదు. అంతా విని, "మా పిన్ని మంచిది మాస్టారూ, అదే వచ్చిన చిక్కు," అంది.


మాస్టారికి వందనాలు.

ఎప్పటిలా ఉండమని అడిగాను. పాస్టరుగారి ఎదుట పెట్టిన సంతకం కాదనలేనని హిల్డా పెద్దమ్మ అంది. అయితే ఇన్నేళ్ళూ తాను అబద్ధం చెప్పినట్టా అని నెల్ పెద్దమ్మ పాటల బృందం మానేసింది. డోరా పెద్దమ్మ ఇద్దరి మధ్యా కూర్చుని పిప్పరమెంట్లు చప్పరిస్తోంది.

సంగతి అర్థమవుతుందని మీ మెట్లు మూడూ అందరికీ విడమర్చి చెప్పాను. అది పొరపాటేమో. ఆదివారం ప్రసంగం అయ్యాక హిల్డా పెద్దమ్మ గుమ్మం దగ్గర పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, "వర్ణన బాగుంది బాబూ. వివరణ లేదు. మొదటి మెట్టు మీదే ఆగిపోయావు," అంది. ఆయన మధ్యాహ్నం భోజనం చేయలేదట.

జూడిత్ నాతో మాట్లాడటం లేదు. గది తలుపేసుకుని రాస్తోంది. గుమ్మం ముందు పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంటోంది. షెడ్డులో నా చేతులు ఎలా పగిలాయో అది చిన్నప్పటి నుంచి చూసింది. దాన్ని అక్కడికి తోసేది నేనేనా అన్న ఆలోచనతో కాలూ చెయ్యీ ఆడటం లేదు.

మీరన్నట్టే ఏమీ చేయడం లేదు. ప్రార్థన ఒక్కటే.

మెర్సీ

తా.క.: బుధవారం కూటంలో పైకే ప్రార్థించాను. మీ పేరు కూడా వచ్చింది. మీకు జబ్బేమిటని అందరూ అడుగుతున్నారు.


శ్రీమతి కాపల్‌మన్ గారికి,

నాకు జబ్బేమీ లేదు. గుమ్మంలో మూడు సూపు గిన్నెలు వచ్చి ఉన్నాయి. కృతజ్ఞతలు.

శుక్రవారం జూడిత్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితాలు నా దగ్గర పెట్టుకుని, పేజీ పేజీకీ ప్రశ్నలు వేశాను. ఎక్కడా తడబడలేదు. మొదట్లో మేము వేసుకున్న పథకం ప్రకారం ముగ్గురి మాటలూ మీ టీకి చాలా ముందే విడివిడిగా విని రాసుకుంది. ఆ టీ సంగతి కూడా దాచలేదు, చివరి పేజీలో పెట్టింది. ముగ్గురిలో ఏ సాక్షిని తక్కువ నమ్మాలని అడిగితే, "నాలుగో ఆవిడను," అంది.

సంతకం పెట్టాను. చివరి పేజీ మీకు తనే చదివి వినిపించాలని చెప్పాను.

ఎడ్విన్ గ్రేసన్

తా.క.: చదువుతున్నంతసేపూ దయచేసి దిద్దకండి.


మాస్టారికి వందనాలు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర జూడిత్ చదివింది. నేను దిద్దలేదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను: "టీకి ముందు ఒకరు కూలి అన్నారు, ఒకరు చలి అన్నారు, ఒకరు ఏమీ జరగలేదన్నారు. టీ తర్వాత ముగ్గురూ ఆదివారం అన్నారు. ఆదివారం మాట ముగ్గురిలో ఎవరిదీ కాదు. టీ పోసినావిడది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. అందరూ మంచివాళ్ళయి ఉండాలని కోరుకునే మనిషి. అలాంటి సాక్షిని మరింత జాగ్రత్తగా తూచాలి."

నాకు కోపం వచ్చింది. శాలువా కప్పుకుని నెల్ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, ఆ రోజు ఆదివారం మాట మొదట ఎవరన్నారని అడిగాను.

"నువ్వేనే అమ్మాయీ," అంది. "కప్పు చేతికిస్తూ, ఆదివారం పని చేయనన్నారేమో కదా పెద్దమ్మా అన్నావు. నీ మొహం చూస్తే కాదనాలనిపించలేదు."

ఇంటికొచ్చేసరికి జూడిత్ నా పళ్ళెం మీద మూత పెట్టి కూర్చుని ఉంది. ఇద్దరం తిన్నాం.

మీ మెట్లలో ఇది ఎన్నోదో నేను అడగను.

ఇట్లు,
నాలుగో సాక్షి
మెర్సీ కాపల్‌మన్

తా.క.: నెల్ పెద్దమ్మ మళ్ళీ పాడుతోంది. ఈ మధ్యాహ్నం ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. సంతకాలు పక్కన పెట్టి, కూలి అని ఒకరు, చలి అని ఒకరు, ఏమీ లేదని ఒకరు, గొంతులు చించుకుంటున్నారు. ఈసారి టీ పోసేది నేను కాదు. టీ కూజా డోరా పెద్దమ్మ చేతికిచ్చేశాను.