షెడ్డు గోడ మీద వెలుగు

సత్తెమ్మా,

ఈ రోజు నీ సంవత్సరీకం. బిడ్డ జనగామలో రైలు దిగుతుంది, ఆమె వస్తేగానీ నీకు వడ్డించేది లేదు. తెల్లవారుజామున ఆమెను తీసుకురావడానికి పాలకుర్తి నుంచి బయల్దేరబోతే మన పాత కారు మొరాయించింది. తాళం తిప్పితే టక్కుమంటుంది, ఇంజిన్ మాత్రం తిరగదు.

జబ్బు కనిపెట్టే పరీక్ష నీకు తెలిసిందే. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాలి. అవి మసకబారితే జబ్బు బ్యాటరీ దగ్గర, లేకపోతే ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్‌లో. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆరు నెలలు చదివిన కారు రిపేరు ఇంగ్లీషు పుస్తకంలో నాకు పూర్తిగా అర్థమైన పేజీ అదొక్కటే. అందుకే ప్రతిసారీ లైట్లు చూసి చెప్పమని నిన్ను కారు ముందు నిలబెట్టేవాణ్ని.

"గుడ్డిగైనయి! ఇగ పోనా? పొయ్యి మీద పప్పు మాడుతున్నదయ్యా" అని నువ్వు.

"జర ఆగు, ఇంకొక్కసారి చూడు" అని నేను.

ఈ రోజు ఒక్కణ్నే కూర్చుని తిప్పాను. ఎదురుగా షెడ్డు గోడ మీద వెలుగు సగానికి సగం తగ్గిపోయింది. చూస్తే బ్యాటరీ తీగ మొనకు తెల్లగా చిలుము పట్టి ఉంది. వేడినీళ్లు పోసి, గీకి, బిగించాను. కారు కదిలింది. బిడ్డ వచ్చింది.

సీట్లోంచే గోడ మీద అంతా తెలుస్తుందని ఇన్నేళ్లూ నాకు తోచనే లేదు. గోడ నీ వెనకే ఉండేది సత్తెమ్మా. నేను నిన్నే చూస్తూ కూర్చున్నాను.