తమ్ముడి ప్యాచ్

బీవర్టన్,
ఆదివారం.

చిరంజీవి లీలాండ్‌కు అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వు కులాసాగా లేవని మన కెర్నల్ పనివాళ్లు రాసుకునే మెయిల్ లిస్టులో జనం అనుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను. నా మెయిళ్లు నీకు చేరకుండా ఆపేసుకున్నావు కాబట్టి ఈ కాగితం బాధ.

ఆపేసే ముందు పంపిన మెయిల్లో అమ్మ మోకాలి గురించి అడిగావు. మెట్లు బాగానే దిగుతోంది, ఎక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతోంది. థాంక్స్‌గివింగ్ పండక్కి నువ్వొస్తావని గుమ్మడికాయ తీపిరొట్టె చేస్తానంటోంది. రాకపోయినా ఫరవాలేదు, నేను తినేస్తాను.

ఇక నీ రెండో ప్రశ్న. అందరి ముందూ ఎందుకు కాదన్నావు, ఫోన్ చేసి చెప్పొచ్చుగా అని. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటిదని అమ్మకు చెప్తుంటానే, ఆ కెర్నల్లో ఏ మార్పు రావాలన్నా, దాన్ని ప్యాచ్‌గా రాసి లిస్టులో అందరూ చూసేలా పంపాలి, అందరూ చూసేలానే తిట్లూ తినాలి. ఆ పద్ధతి నీకు నేర్పింది నేనే. పైగా నీది చిన్నాచితకా మరమ్మతు కాదు. ఒక ప్రోగ్రాం తనంతట తానే "ఇక మీద ఈ ఫైళ్లు తప్ప వేరేవి ముట్టను" అని కెర్నల్‌కు మాటిచ్చే కొత్త ఏర్పాటు. అలాంటిది ఒకసారి లోపలికొస్తే మళ్లీ తీసేయడం ఉండదు. దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాం ఒక్కటున్నా, తప్పైనా ఒప్పైనా మోయాల్సిందే.

నీదాంట్లో కంత ఉంది. ముందు ఫైలు పేరు చూసి సరే అంటావు, ఆ తర్వాత తెరుస్తావు. ఈ రెంటి మధ్యలో ఎవడైనా ఆ పేరుతో వేరే ఫైలు పెట్టేస్తే? గుమ్మంలో ఒకణ్ణి చూసి రమ్మంటే, తలుపు తీసేసరికి ఇంకొకడు దూరినట్టు. ఎలా దూరవచ్చో చేసి చూపించే ప్రోగ్రాం కూడా లిస్టుకు పంపాను. అప్పటిదాకా నిన్ను మెచ్చుకున్నవాళ్లంతా దాన్ని నడిపి చూసి మాట వెనక్కి తీసుకున్నారు.

"ఇది ఈసారి కెర్నల్లో చేరకపోతే కంపెనీ నన్ను ఉంచదక్కా, కాస్త మెత్తబడు" అని రాశావు. చదివి, జాలి కలుగుతుందేమోనని ఆగి చూశాను. కలగలేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ కంత నువ్వు మొదటిసారి పంపినప్పుడే నాకు కనిపించింది. నువ్వు దిద్ది దిద్ది పంపుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నేను చదివి సరే అన్నాక ఏది చేర్చాలో తేల్చే ఆర్డెన్ ఒకరోజు ఫోన్ చేశాడు.

"వెర్నా, నీ తమ్ముడిది ఏడాదిగా నలుగుతోంది. ఔననవు, కాదనవు. నీ ఉద్దేశమేంటి తల్లీ?"

"చదువుతున్నా. తొందరేముంది?" అన్నాను.

ఎందుకంటావా? వాంకూవర్లో మన కెర్నల్ వాళ్ల సభలో వేదికెక్కి ఏమన్నావు? "మా అక్క ఇంట్లోనూ అంతే. భోజనాల దగ్గర ఉప్పు ఇటివ్వమన్నా, దాని అవసరమేంటో ముందు రాసి పంపమంటుంది." హాలంతా పగలబడి నవ్వింది. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఆ రోజు మండిన ఒళ్లు ఇప్పటికీ చల్లారలేదు. నువ్వు ఉద్యోగం కూడా దీనిమీదే పెట్టుకునేదాకా ఆగాలనుకున్నాను, ఆగాను.

కంత పూడ్చడం పెద్ద పనేం కాదు. ముందు తెరిచి, తెరిచినదాన్నే పరీక్షిస్తే సరి. నీది పక్కన పెట్టి, మొత్తం నా చేత్తో కొత్తగా రాసి పంపాను. ఆర్డెన్ చూసి, "తమ్ముడి పేరేది?" అన్నాడు. రాసినవాళ్లలో నా పక్కన నీ పేరు వేయాలంటే నీ సంతకం ఉండాలి కదా. "అడుగుతూ మెయిల్ పెట్టాను, జవాబివ్వలేదు" అన్నాను. పెట్టిన మాట నిజమే. నీకు చేరదని తెలిసే పెట్టాను. కింద "సూచన: లీలాండ్" అని ఒక్క ముక్క ఉంది. శుక్రవారం చేర్చేశాడు.

నిన్న మీ కంపెనీ నుంచి, నీ పైఅధికారిణి అట, ఫోన్ చేసింది. పాపం మంచి మనిషి, నిన్ను ఉంచుకోవడానికి ఏదో ఒక సాకు వెతుకుతోంది. "చివరికి కెర్నల్లో చేరినదాంట్లో మావాడు రాసింది కాస్తయినా ఉందాండీ?" అని బతిమాలినట్టు అడిగింది.

ఒక్క లైను కూడా లేదని చెప్పాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క అక్క,
వెర్నా