ఏడు నిమిషాలు ముందు

నా బంగారు తాతయ్యకి,

ఫోన్ చేస్తే అమ్మమ్మ స్పీకర్ పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం. ఒత్తులు తప్పుంటే నవ్వుకో, పర్లేదు. కానీ చదివాక చింపెయ్. అమ్మమ్మకి మాత్రం చూపించకు, ప్లీజ్.

మొన్న సెలవుల్లో మీ ఇంటికి నేను ఊరికే రాలేదు తాతయ్యా. కథ కోసం వచ్చాను. స్కూల్ మ్యాగజైన్‌లో తెలుగు పేజీలకి ఎవరూ రాయట్లేదంటే నేను రాస్తానన్నాను, గడియారాలు బాగుచేసే ఆయన గురించి. రోజూ నీ షాపులో స్టూల్ మీద కూర్చుని, నువ్వు చెప్పినవన్నీ అరచేతిలో రాసుకుని, బాత్రూంలోకెళ్ళి నోట్‌బుక్‌లోకి ఎక్కించేదాన్ని. "దీనికి కడుపులో బాలేనట్టుంది, అన్నిసార్లు వెళ్తోంది" అని అమ్మమ్మ వేణ్ణీళ్ళు తాగించింది కూడా.

ఆ వాన మధ్యాహ్నం గుర్తుందా? షట్టర్ సగం దించి, కింది సొరుగు తీశావు. రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళ గడియారాలు. అన్నీ నడుస్తూనే ఉన్నాయి. నీళ్ళ అడుగున చేపపిల్లలు మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది నాకు. ఒక్కోదాన్నీ మనిషిలా పరిచయం చేశావు. "ఈయన డ్రైవరు. ఈవిడ నర్సు. ఇదిగో, టీచరమ్మ. రోజుకి ఏడు నిమిషాలు ముందుకి పరిగెడుతుంది. ఎప్పుడూ తొందరే." గడియారం గురించి చెప్తున్నావో మనిషి గురించో అర్థం కాలేదు. అడిగితే నవ్వి, కంటికున్న భూతద్దం తీసి, అద్దాన్ని వదిలేసి కన్ను తుడుచుకున్నావు.

అంతే, నాకు కథ దొరికేసింది. ఆయన టీచరమ్మని ప్రేమించాడనీ, ఆవిడ వెళ్ళిపోయిందనీ, తర్వాత ఎవర్నో పెళ్ళి చేసుకున్నాడనీ రాశాను. చివర్లో ముసలివాడై, ముళ్ళని ఏడు నిమిషాలు వెనక్కి తిప్పుతాడు. తలెత్తి చూస్తే ఆవిడ షాపు మెట్ల మీదే ఉంటుంది, తడిసిన గొడుగు విదుల్చుకుంటూ.

"ఎవర్నో" అని రాశాను తాతయ్యా. ఆ ఎవరో మన అమ్మమ్మే. రాస్తున్నప్పుడు తట్టనే లేదు.

సార్‌కి తెగ నచ్చింది. పదో తారీఖున ప్రెస్‌కి పంపిస్తారట. అమ్మమ్మ మ్యాగజైన్‌లో అడ్వర్టైజ్‌మెంట్లు కూడా వదలదు కదా. చాలా భయంగా ఉంది. ముద్ద దిగట్లేదు. కథ ఇందులోనే పెట్టాను. వద్దంటే చెప్పు, వెనక్కి తీసేసుకుంటా.

నీ గుసగుస


ఒసేయ్ గుసగుసా,

మీ తాతయ్యకి కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. నీకు పరీక్షలని మీ అమ్మ చెప్పలేదట. వారం దాకా ఏమీ చదవొద్దన్నారు డాక్టరు. అందుకని నీ ఉత్తరం నేనే విప్పి, పైకి చదివి వినిపించాను. "అమ్మమ్మకి మాత్రం చూపించకు" దగ్గరికి రాగానే ఆయన "ఇక చాల్లేవే" అన్నారు. "చూపించొద్దంది మిమ్మల్ని. నా అంతట నేనే చూసుకుంటున్నా" అన్నాను.

తర్వాత కథ చదివాను, రెండుసార్లు.

టీచరమ్మ సంగతి పెళ్ళైన నెలకే ఆయన నాకు చెప్పారే. ఆయన ఊరెళ్ళినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఆ సొరుగులో అందరికీ కీ ఇచ్చేది ఎవరనుకున్నావు? ఈ నాలుగు రోజులూ నేనేగా! "ఎవర్నో" దగ్గర కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు. దాన్నలాగే ఉంచు. అప్పటికి నేను ఎవరోనే.

కానీ ఒక తప్పు రాశావు. ముందుకెళ్ళిన గడియారాన్ని మీ తాతయ్య ఎప్పుడూ వెనక్కి తిప్పరు. లోపల పాడవుతుందంటారు. పక్కనున్న కీ పైకి లాగి ఆపేస్తారు. అసలు టైము నడుచుకుంటూ వచ్చి దాన్ని అందుకునేదాకా చేతిలో పెట్టుకుని కూర్చుంటారు. టీచరమ్మకైతే ఏడు నిమిషాలు. ఆ కాసేపూ పిలిచినా పలకరు. పెళ్ళైన కొత్తలో నేనూ ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చునేదాన్ని, రోజూ, ఏమీ అనకుండా. ఓరోజు మూడు నిమిషాలకే కీ లోపలికి నొక్కి దాన్ని మళ్ళీ నడిపించేసి, తలెత్తి, "టీ తాగుదామా?" అన్నారు.

ఆ రోజు టీచరమ్మ నాలుగు నిమిషాల ముందు నుంచే నడక మొదలెట్టింది. ఎవరూ సరిచెయ్యలేదు.

పదో తారీఖులోపు అది దిద్ది మీ సార్‌కి ఇచ్చెయ్. ముందు అన్నం తిను.

ప్రేమతో,
ఆ ఎవరో