సర్టిఫికెట్ పుట్టినరోజు

ట్రాయ్,
జూన్ 9, 2013

అన్నయ్యా,

నువ్వు పంపిన పిస్తోలు క్లాసు నుంచి మీ బావ రెండు రోజుల్లోనే సింహమై తిరిగొచ్చారు. "ప్రమాదం వస్తే మైండ్ కూల్‌గా ఉండాలి, కరెక్ట్ డిసిషన్ తీసుకోవాలి" అని నాకూ పాఠం చెప్పారు. ప్రేమగా నా అసలు పుట్టినరోజునే తుపాకీ సేఫ్‌కి కోడ్‌గా పెట్టారు.

నిన్న మధ్యాహ్నం గరాజ్‌లో చప్పుడైంది. ఆ కూల్ మైండ్‌తో సేఫ్ దగ్గరికి ఉరికి, స్కూల్లో నాన్న నాకు వేయించిన సర్టిఫికెట్ తేదీ కొట్టారు. నాలుగుసార్లు కొట్టినా తెరుచుకోలేదు. ఈలోగా పక్కింటి జానకీదేవి పిన్నిగారు గోంగూర పప్పు గిన్నెతో గరాజ్‌లోంచి లోపలికొచ్చి, "ఏం బాబూ, అంత చెమటలేంటి?" అన్నారు.

నన్నడగడానికి మొహం చెల్లక, అసలు తేదీ కోసం నీకు ఫోన్ చేస్తారు. చెప్పావంటే ఊరుకోను. గిన్నె కోసం పిన్నిగారు మళ్ళీ గరాజ్‌లోంచే వస్తారు.

నీ చెల్లి